నలభై ఒక్కేళ్ళ లేత కొమ్మ

మా ఊరి మున్సిపల్ పార్కులో ఇప్పుడున్న మొక్కలకు నేను బాధ్యుణ్ణి కాను. అంతకుముందు ఉండి, ఇప్పుడు లేని పన్నెండు వందల మొక్కలకు మాత్రం పూర్తి బాధ్యత నాదే. అవి చీడ పట్టి పోలేదు. నీళ్ళు చాలక పోలేదు. గేదెలు పడి మేసినా పోలేదు. నేను రాసిన మూడు పేజీల నోటు వల్ల పోయాయి. ఆ నోటును శుభ్రంగా టైపు చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించి మరీ సమర్పించాను.

నా పేరు కామేశం. పార్కుల సూపరింటెండెంటుని. చదివింది బి.కాం. నీటిపన్ను విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేశాక అక్కడ కుర్చీలు చాలక నన్ను పార్కుకు మార్చారు. వచ్చిన కొత్తలో మందారానికీ నందివర్ధనానికీ తేడా పువ్వు పూస్తే తప్ప తెలిసేది కాదు. అప్పుడు నన్ను మూడు రోజుల ఉద్యాన శిక్షణకు పంపారు. మొదటి రోజు ప్రారంభోత్సవం, మూడో రోజు ముగింపు సభ, మధ్యలో రోజు మా బస్సు దారి తప్పింది. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక తగిలించుకున్నాను. ఆ రోజు నుంచి మొక్కల గురించి నాకు తెలియనిది లేదు.

పార్కులో నిజంగా తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, గంగారత్నం. యాభై దాటిన మనిషి. నర్సరీల ఊళ్ళో పుట్టి పెరిగింది. ఔట్‌సోర్సింగ్ మీద తోటమాలిగా చేరి పధ్నాలుగేళ్ళు దాటింది. పదిహేనేళ్ళు నిండినవాళ్ళను పర్మనెంటు చేస్తామని ఒక జీవో ఉంది. వచ్చే ఆగస్టుకు ఆమెకు పదిహేనూ నిండుతాయి. ఆ జీవో జిరాక్సు కాపీని మడతపెట్టి అన్నం క్యారేజీ సంచిలో పెట్టుకుని తిరిగేది. చదువు రాదు గానీ, అందులో తన సంగతి ఎన్నో పేరాలో ఉందో వేలుపెట్టి చూపించగలదు.

జనవరిలో సర్క్యులర్ వచ్చింది. మున్సిపాలిటీ ఆస్తులన్నిటికీ జీవితకాలం నిర్ణయించాలట. ఫ్యాన్లకు పదేళ్ళు, కుర్చీలకు పన్నెండు, వాహనాలకు పదిహేను. ఆ కాలం తీరినవన్నీ రద్దు చేయాలి. మొక్కలు కూడా ఆస్తుల రిజిస్టరులోనే ఉన్నాయి కాబట్టి వాటి ఎదురుగా ఉన్న గడి కూడా నింపాలి. గడి ఖాళీగా ఉండకూడదు. జిల్లా ఆఫీసులో ఎవరో బాగా ఆలోచించి, ఇంధనం పోస్తే నడిచేవి వాహనాలు, నీళ్ళు పోస్తే పెరిగేవి మొక్కలు, రెండూ ఒక తరగతే అని తేల్చి మొక్కకు కూడా పదిహేనేళ్ళు వేశారు. నాకు అది చాలా సబబుగా తోచింది. కింద సంతకం పెట్టి గంగారత్నానికి చదివి వినిపించాను.

"పదేనేళ్ళు నిండితే మనిసేమో పెర్మనెంటు, మొక్కేమో కండెమ్నానండి?" అంది. "ఇదేం లెక్కండి బాబుగోరూ?"

"మనిషి వేరు, ఆస్తి వేరు" అన్నాను.

ఆమె అసలు భయం వేరే ఉంది. వెయ్యి మొక్కలకు ఒక తోటమాలి అని మా లెక్క. పార్కులో పన్నెండు వందల మొక్కలున్నాయి. అందులో నాలుగు వందల పది, పార్కు తెరిచిన నాడు నాటినవి. నలభై ఒక్కేళ్ళ నూరువరహాలు, ముద్ద మందారాలు, నందివర్ధనాలు, గరుడవర్ధనాలు. అవి రద్దయితే మిగిలేవి ఏడువందల తొంభై. అంటే తోటమాలి పోస్టు ఉండదు. ఆగస్టుకు ఇంకా ఏడు నెలలు.

"కటింగులు పెడదాం!" అన్నాను, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు. పధ్నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. మిగతా ఏడువందల తొంభై మొక్కలూ ఆ పాత మొక్కల కొమ్మలు కోసి ఆమె నాటినవే. అయినా నా మొహం చూసి, "మంచి ఆలోసనండి" అంది.

ఫిబ్రవరిలో కొత్త చిగుళ్ళు సాగాక మొదలుపెట్టింది. పొద్దున్నే ఎండ రాకముందు కోయాలి. లేత కొమ్మను పట్టుకుని వంచి చూసేది. రబ్బరులా వంగిపోతే మరీ లేత, వదిలేసేది. వంగకపోతే ముదురు, అదీ వదిలేసేది. టక్కున విరిగేదాన్ని మాత్రం తీసుకునేది. జానెడు లోపల ముక్క, కణుపు కిందగా కోత. కింది ఆకులు తుంచి, పై ఆకులను కత్తెరతో సగానికి కత్తిరించి, తడి గోనెలో చుట్టి, ఒకటీ వాడకుండా ఇసుక మడిలో గుచ్చి, వెదురు బద్దలు వంచి పైన పాలిథీన్ కప్పింది. నేను కూడా ఉత్సాహంగా పది గుచ్చాను.

ఆమె వాటిని ఒక్కొక్కటే పీకి తిప్పి గుచ్చింది.

"తలకిందులా?" అన్నాను.

"పదీనండి" అంది.

అది ప్రయోగమని చెప్పాను. ఆమె నమ్మినట్టే ఉంది.

ఏప్రిల్ నాటికి నాలుగు వందల అరవైలో నాలుగు వందల ముప్పై నాటుకున్నాయి. మెల్లగా లాగితే రానివి వేరు పోసుకున్నట్టు లెక్క. గంగారత్నం ఒక మొక్కను మట్టితో సహా తీసి చూపించింది. తెల్లగా, సన్నగా, సేమ్యాలా ఉన్నాయి వేళ్ళు. ఏడువందల తొంభైకి నాలుగు వందల ముప్పై కలిపితే పన్నెండు వందల ఇరవై. పోస్టు నిలబడింది. ఆమె ఆ రోజు నాకు క్యారేజీలోంచి పనసపొట్టు కూర పెట్టింది.

ఆ తరువాత వారం కమిటీ వచ్చింది. ఆస్తుల జీవితకాల నిర్ధారణ కమిటీ అధ్యక్షులు ప్రభంజనరావు గారు. మనిషి ఎక్కడ నిలబడినా పక్కన టేబుల్ ఉన్నట్టే మాట్లాడతారు. కొత్త మొక్కల మడి ముందు ఆగారు.

"సదరు నూతన మొక్కలు, కాలం తీరిన మొక్కల స్థానే ప్రవేశపెట్టదలచినవి. అంతేనా?"

"అంతే సార్."

"మరి పూర్వపు మొక్కల రంగు, రూపు, పూత ఇత్యాది లక్షణములు వీటియందు సంక్రమించగలవని హామీ ఏమిటి? ప్రజాధనంతో పెంచిన నూరువరహాల స్థానే ఇంకేదో పూస్తే బాధ్యత ఎవరిది?"

అక్కడ "అదే పూస్తుంది సార్" అని ఊరుకుంటే సరిపోయేది. కానీ నా వెనక సర్టిఫికెట్ ఉంది. పైగా ముందు రోజు రాత్రి ఫోనులో ఒక వ్యాసం చదివాను.

"సార్, విత్తనం నుంచి వస్తే అది బిడ్డ. కొమ్మ నుంచి వస్తే బిడ్డ కాదు సార్. అది సాక్షాత్తు తల్లే! కణం కణం అదే. చూడ్డానికి రెండు గానీ, శాస్త్రరీత్యా ఈ మొక్కా ఆ మొక్కా ఒక్కటే. రవ్వంత తేడా లేదు!"

గంగారత్నం నా వెనక నుంచి దగ్గింది. నాకు గర్వంతో వినిపించలేదు.

"చాలా విలువైన విషయం చెప్పారు" అన్నారు ప్రభంజనరావు గారు. "రాతపూర్వకంగా ఇవ్వగలరా?"

ఇవ్వగలనా! మూడు పేజీలు ఇచ్చాను. రెండు బొమ్మలు కూడా వేశాను. 'ప్రస్తావిత కొమ్మ తల్లిమొక్క నుండి వేరు అనుకొనుట పామరుల భ్రమ' అన్న వాక్యం రాసి నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. "పామరులంటే ఎవరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం నాకు పదిహేను రోజుల తరువాత ఉత్తర్వు రూపంలో వచ్చింది.

'పార్కుల సూపరింటెండెంటు శ్రీ కామేశం గారు సమర్పించిన శాస్త్రీయ నివేదికను కమిటీ కూలంకషముగా పరిశీలించినది. సదరు నివేదిక ప్రకారము నాలుగు వందల ముప్పై మొక్కలును తల్లిమొక్కలతో సర్వవిధముల ఒక్కటియే అయినందున, వాటి వయస్సు కూడా నలభై ఒక్క సంవత్సరములుగా నిర్ధారించడమైనది. కాలం తీరిన ఆస్తిని ముక్కలు చేసి కొత్త ఆస్తిగా చూపుట నిబంధనలకు విరుద్ధము. కనుక రద్దు.'

కింద ఇంకో పేరా ఉంది. మిగతా ఏడువందల తొంభై మొక్కలు కూడా గత పధ్నాలుగేళ్ళలో అదే విధంగా కొమ్మల నుంచే వచ్చినట్టు రిజిస్టరులో ఉన్నందున, వాటి వయస్సు కూడా నలభై ఒక్కటే. అవీ రద్దు.

పార్కులో ఉండదగిన మొక్కల సంఖ్య: సున్న. తోటమాలి పోస్టులు: సున్న. జూలై నెలాఖరుకు అమలు.

సూపరింటెండెంటు పోస్టుకు మాత్రం మొక్కల సంఖ్యతో సంబంధం లేదట. అది ఉంటుంది. విషయ పరిజ్ఞానానికి గాను నాకు ఒక ప్రశంసాపత్రం కూడా జతచేశారు.

గంగారత్నం ఉత్తర్వు మొత్తం విన్నది. క్యారేజీ సంచిలోంచి జీవో తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకుంది.

"నెల్రోజులండి" అంది. "జూలై దాటి ఇంకో నెల్రోజులాగితే నాకు పదేనేళ్ళూ నిండేవండి. మీకు తెల్సిందంతా ఆళ్ళకి ఎందుకు సెప్పారండి బాబుగోరూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రే కూర్చుని రెండో నోటు రాశాను. కొమ్మ కొమ్మే, తల్లి తల్లే, వేరు పడ్డ రోజే దాని పుట్టినరోజు, నేను ముందు రాసింది పొరపాటు, దయచేసి ఒక నిరుపేద ఉద్యోగిని బతుకు చూడండి అని వేడుకున్నాను. ఈసారి అరపేజీయే. బొమ్మలు లేవు.

జవాబు మూడు రోజుల్లో వచ్చింది. మా డిపార్టుమెంటులో అంత తొందరగా ఏ జవాబూ రాలేదు. 'మొదటి నోటు సదరు అధికారి సంతోషముతో, స్వయముగా, ఏ ఒత్తిడియు లేకుండ సమర్పించినది. రెండవ నోటు సిబ్బంది పట్ల సానుభూతితో ప్రేరితమైనది. సానుభూతి శాస్త్రీయ ఆధారము కానేరదు. కనుక మొదటి నోటునే ప్రామాణికముగా గైకొనడమైనది.' నా మొదటి నోటు కాపీలు జిల్లాలోని అన్ని పార్కులకూ పంపుతున్నట్టు కూడా అందులో రాశారు.

ప్రశంసాపత్రాన్ని నేను ఫ్రేము కట్టించలేదు. కొంత సిగ్గు వల్ల, కొంత ఫ్రేముల కొట్టు మూసేసి ఉండడం వల్ల.

జూలై ఆఖరి వారంలో రద్దు కార్యక్రమం పెట్టారు. సన్నగా వాన పడుతోంది. గంగారత్నానికి అదే ఆఖరి పని. ప్రభంజనరావు గారు స్వయంగా వచ్చి గొడుగు కింద కుర్చీ వేయించుకుని నిబంధన చదివారు. పాత కుర్చీలూ బల్లలూ పారేస్తే సిబ్బంది ఇళ్ళకు పట్టుకెళ్ళి బాగుచేసుకుని వాడుకుంటున్నారని ఎప్పుడో చేసిన నిబంధన అది.

"కాలం తీరిన సామగ్రిని ఎవ్వరును మరల వినియోగించుటకు వీలులేని విధముగా, ఆరు అంగుళములకు మించని ముక్కలుగా ఛేదించవలెను."

గంగారత్నం చేతిలో కత్తితో అలాగే నిలబడిపోయింది.

"ఆరంగుళాలాండి?"

"అవును. మించరాదు."

"అన్నీనాండి? లేతకొమ్మలు గూడానా?"

"ముఖ్యంగా లేత కొమ్మలే. ముదురు మోడులను కట్టెల కింద వేలం వేస్తాము. లేతవాటి విషయములోనే దుర్వినియోగానికి ఆస్కారం ఎక్కువ."

గంగారత్నం ఒక్కసారి నా వైపు చూసింది. నాకు ఏమీ అర్థం కాలేదు. నేను శిక్షణ పొందినవాణ్ణి కదా.

ఆమె చీరకొంగు బిగించి పనిలోకి దిగింది. నూరువరహాల పొద దగ్గర కూర్చుని ఒక్కో కొమ్మనూ వంచి, టక్కున విరిగినదాన్ని ఏరుకుని, కణుపు కిందగా కోసి పక్కన పెట్టింది. మరో కొమ్మ. మరొకటి. నాలుగు వందల పది పాత మొక్కలూ, ఏడువందల తొంభై నడిమి మొక్కలూ, నాలుగు వందల ముప్పై పసి మొక్కలూ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి. పని రెండు రోజులు పట్టింది. ప్రభంజనరావు గారు రెండు రోజులూ కదలకుండా చూశారు.

"ఎంత క్రమశిక్షణ!" అన్నారు నాతో. "ఒక్క ముక్క కూడా హద్దు మీరలేదు. ఏమమ్మా, కింది ఆకులెందుకు తుంచుతున్నావు?"

"బరువు తగ్గుద్దనండి."

"పై ఆకులు సగం సగం కత్తిరిస్తున్నావు?"

"నిబంధనండి. అన్నీ ముక్కలు సెయ్యాలన్నారు గదండీ."

ఆయన తృప్తిగా తల ఊపారు. "తడి గోనెలో చుట్టడం దేనికి?"

"దుమ్ము లేత్తదనండి" అంది గంగారత్నం, వానలో తడుస్తూ.

"పర్యావరణ స్పృహ!" అన్నారాయన. పంచనామాలో ఆ మాట రాయించారు.

అప్పటికి నాకు అర్థమైంది. రెండో రోజు మధ్యాహ్నం, ఆలస్యంగానే. ఫిబ్రవరిలో మేమిద్దరం చేసిన పనినే ప్రభుత్వం ఇప్పుడు కమిటీ సమక్షంలో, పంచనామా రాయించి, పదింతలు చేయిస్తోంది. నాలుగు వేల నూట పదహారు ముక్కలు లెక్క తేలాయి. జూలై వానల్లో, మబ్బు పట్టిన రోజుల్లో, లేత కొమ్మలు.

"ఇక ధ్రువీకరణ" అన్నారు ప్రభంజనరావు గారు, నా వైపు తిరిగి. "కామేశం గారూ, మీరు శాస్త్రజ్ఞానం కలవారు. ఈ ముక్కలకు మరల జీవం వచ్చే అవకాశం ఏమైనా ఉందా?"

నా నాలుక దురద పెట్టిందని ఒప్పుకోవాలి. అంతకుముందు నాకు తెలియనిది ఇప్పుడు నిజంగా తెలుసు. కణుపులో ఏముంటుందో, గాలిలో తడి ఎంత ఉండాలో, ఎన్ని వారాలకు వేరు వస్తుందో మూడు పేజీలు కాదు, ముప్పై పేజీలు రాయగలను. గంగారత్నం తల ఎత్తలేదు. చేతిలో కత్తి మాత్రం ఆగింది.

"లేదు సార్" అన్నాను.

"కచ్చితంగా?"

"చచ్చిన కట్టె సార్."

"రాసివ్వండి."

ఒక్క వాక్యం రాసిచ్చాను. రెండోది రాయబోయి కలానికి మూత పెట్టేశాను.

వ్యర్థాన్ని ఆ రోజే ఆవరణ దాటించాలి. మున్సిపాలిటీ ట్రాక్టరుకు పదిహేనేళ్ళు నిండి అంతకుముందు నెలే రద్దయింది. గంగారత్నం తమ్ముడి ట్రాలీ ఆటో ఉందని, చెత్త తనే పారబోయిస్తానని అంది. ప్రభంజనరావు గారు ఆమె సేవాభావాన్ని మెచ్చుకుని గేటు పాస్ మీద 'వ్యర్థము, విలువ లేదు' అని రాసి సంతకం చేశారు. మూటలు ఎక్కిస్తుంటే నేను దగ్గరికెళ్ళాను. ఆమె మెడలోంచి గుర్తింపు కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

"నా వల్లే ఇదంతా జరిగింది గంగారత్నం. నన్ను..." అని ఏదో అనబోయాను.

"తర్వాత సెబుదురుగానండి బాబుగోరూ" అంది ఆటో ఎక్కుతూ. "ఆలిస్సెం అయితే వాడిపోతాయి."

ఆగస్టు వచ్చి వెళ్ళింది. పర్మనెంటు అయినవాళ్ళ జాబితాలో ఆమె పేరు లేదు. నేను రోజూ పదిన్నరకు పార్కుకు వెళ్ళి ఖాళీ నేలను పర్యవేక్షించి అయిదింటికి ఇంటికొచ్చేవాణ్ణి. పిల్లలు అందులో క్రికెట్ ఆడుకునేవారు. ఎవరైనా పెద్దాయన వచ్చి "మందారాలు ఏమయ్యాయండీ?" అని అడిగితే, వయసైపోయిందని చెప్పేవాణ్ణి.

డిసెంబరులో ఉత్తమ పచ్చదనం పట్టణాల పోటీ ప్రకటించారు. జిల్లాలో ఏ పార్కులోనూ ఆకు లేదు, నా నోటు అందరికీ అంది ఉంది కాబట్టి. హడావిడిగా మొక్కలకు టెండరు పిలిచారు. ఒక్కటే వచ్చింది, కాలవ గట్టు మీది కొత్త నర్సరీ నుంచి. రెండు లారీల్లో మొక్కలు దిగాయి. వెనకే మోపెడ్ మీద యజమాని దిగింది. గంగారత్నం.

నూరువరహాలను నేను గుర్తుపట్టాను. వాటిని తలకిందులుగా గుచ్చినవాణ్ణి, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

ప్రభంజనరావు గారు ఆకు పట్టుకుని నలిపి చూశారు. "వయస్సు?"

"అయిదు నెల్లండి" అంది గంగారత్నం.

"చూశారా కామేశం గారూ! కొత్త రక్తం అంటే ఇదీ! ఆ పాతవాటికీ వీటికీ ఎక్కడైనా పోలిక ఉందా?"

"ఎక్కడ సార్!" అన్నాను. అబద్ధం ఆడడం అప్పటికి కొంచెం అలవాటైంది.

మొక్కలు రెండు వేలు. వెయ్యికి ఒకరు చొప్పున ఇద్దరు తోటమాలులు కావాలి. ప్రభంజనరావు గారు పెద్దమనసు చేసుకుని, గంగారత్నం కావాలంటే తిరిగి చేరవచ్చునని, సర్వీసు మాత్రం ఆ రోజు నుంచి కొత్తగా లెక్కిస్తామని చెప్పారు.

"అంటే మళ్ళీ పదేనేళ్ళాండి?" అంది.

"నిబంధన."

"వద్దులెండి. నా కాడ పన్నెండు మంది ఆడోళ్ళు పన్జేత్తన్నారు. అందులో ఇద్దర్ని పంపుతాను, రోజూ వచ్చి నీళ్ళెట్టి ఎల్తారు. మొక్క పోతే మొక్క ఇత్తాను. కాయితం రాసుకుందాం. ఒకే ఒక్క సరతండి."

"ఏమిటది?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఈ మొక్కల గురించి మన సూపర్నెంటుగోరు ఏం రాయకూడదండి. ఎవురడిగినా సరే. మూడు పేజీలొద్దు, ముక్క గూడా వద్దు."

ప్రభంజనరావు గారు షరతు వింతగా ఉందన్నారు గానీ, నిషేధించే నిబంధన ఏదీ కనపడక ఒప్పుకున్నారు. ఒప్పందంలో అది తొమ్మిదో అంశంగా చేరింది. ముసాయిదా రాసే పని పార్కుల సూపరింటెండెంటుది కాబట్టి నేనే కూర్చుని రాశాను. ఆమెకు చదివి వినిపిస్తే, ఏ వరసలో ఉందో అడిగి వేలుపెట్టి చూసుకుని, కింద వేలిముద్ర వేసింది.

పక్కనే నేను సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో ఎవరికైనా పనికొచ్చిన కాగితం అదొక్కటే.